అమ్మ అరచేతి మీద పరాయి హక్కు

తమ్ముడూ, సింహాచలం...

నువ్వు వెళ్ళి నేటికి రెండేళ్ళు. ఈ రోజు నీ ఆబ్దికం. పితృదినమంటే తిలోదకాలు విడవడం మాత్రమే కాదు, పోయినవారు మన చేతిలో పెట్టి వెళ్ళినదాన్ని ఎలా కాపాడామో వారికి విన్నవించుకోవడం కూడా. తర్పణం ఉదయమే ముగిసింది. ఈ రెండవ పని సిగ్గుతో చేస్తున్నాను.

పలాసలో మన జీడిపప్పు డబ్బా మీది అమ్మ పేరు ‘నీలమ్మ’, దాని కింద ఆమె అరచేతి గుర్తు... రెండూ తనవేనని పక్క షెడ్డు వాడు ట్రేడ్‌మార్కు తెచ్చుకున్నాడు. నువ్వు బావా అని పిలిచినవాడే. ఇకపై ఆ పేరు వాడరాదని నీ కూతురు గౌరికి లాయరు నోటీసు పంపించాడు.

పెళ్ళిళ్ళ రోజుల్లో వాడికి డబ్బాలు చాలకపోతే మన ఖాళీ డబ్బాలు ఇచ్చేవాడివి, గుర్తుందా? నేను అడ్డుపడితే, “డబ్బాలే కదన్నయ్యా, పప్పు ఆడిదే. రేపు మనకి తక్కువైతే ఆడివ్వడేటి?” అనేవాడివి. వాటిలో తన పప్పు పోసి నీలమ్మ పేరుతో అమ్మిన బిల్లులనే వాడిప్పుడు సాక్ష్యంగా చూపించాడు. ఉపకారాన్ని ఇలా వాడుకునే మనిషిని ఏమనాలి? చదివిన పురాణాలలో ఇంత నీచానికి నాకు పోలిక దొరకలేదు.

వాడి గుర్తులోనూ చిటికెనవేలు వంకరే. గింజలు కోసే మరలో నలిగి కదా అమ్మ వేలు వంగిపోయింది... ఆ నొప్పి కూడా వాడిదేనా?

మొన్న మన గుమ్మంలోకే వచ్చాడు. “రాజీ అయిపోదాం మాస్టారూ. మీరు పాత నీలమ్మ అని రాసుకోండి, నాను ఉత్త నీలమ్మని రాసుకుంతాను” అన్నాడు. గౌరి తల ఎత్తకుండానే, “మా నాయనమ్మకి పాతేటి, కొత్తేటి మావా? మీ అమ్మ పేరెట్టుకో, బాగుంతాది” అంది. వాడు మజ్జిగ తాగకుండానే లేచాడు.

వాడి మీద అసహ్యం సరే. నా మీద నాకున్నదో? ఆ పేరు నమోదు చేయిద్దామని నువ్వు దరఖాస్తు తెచ్చి చదివిపెట్టమన్నప్పుడు, తల్లి పేరు తనదని సర్కారుకు అర్జీ పెట్టుకుంటారా అంటూ ఒక శ్లోకం చెప్పి పంపేశాను. “నువ్వు సదివినోడివి, నువ్వంటే సరే” అన్నావు. ఎందుకు నమ్మావురా?

ఆ నమోదు రద్దు చేయమని గౌరి అర్జీ పెట్టింది. మనమే ముందు వాడామనడానికి నీ పాత బిల్లులు, తుప్పు పట్టిన తొలి డబ్బాలు ఇచ్చాము. ఇన్నాళ్ళూ ఎందుకు నమోదు చేయించలేదన్న చోట, నేను వద్దన్నందువల్లనేనని ప్రమాణపత్రంలో రాసి సంతకం చేశాను. పండితుడి మూర్ఖత్వం దస్త్రాలకెక్కింది. ఎక్కనీ. తీర్పు ఎలా వస్తుందో మాత్రం తెలియదు...

గౌరికీ, మన షెడ్డులో పప్పు ఒలిచే ఆడవారికీ, వారి తరువాత ఆ పేరు మోయబోయే బిడ్డలకూ మేలు కలుగుగాక. తమదాన్ని తమదని రాయించుకోవడానికి నావంటి పెద్దల అనుమతి కోసం ఆగని ధైర్యం వారికి కలుగుగాక.

నీ అన్నయ్య