పాత బోరు మూత తీసింది నేనే

చిట్టీ, రాగానే కుళాయి తిప్పకు. పాపకి ఒక్క చుక్క కూడా పట్టకు. కాచినా పోని విషం అది.

పొద్దున రంగుల ఫ్యాక్టరీ ట్యాంకరువాడు పంపుహౌసు వెనక మురుగంతా వదిలేసి పోయాడు. అది మనం వాడటం మానేసిన పాత బోరులోకి గుడగుడమని దిగిపోయింది. పక్కనే మనం తాగే బోరు. అడుగున నీళ్లు రెంటికీ ఒకటే కదే!

దానికి మూత ఎందుకు లేదంటావా? నేనే తీశాను. గొట్టంలోకి దెయ్యంలా అరిచి మీ అత్తని హడలగొట్టాను. పడీపడీ నవ్వి, మళ్లీ బిగించడం మర్చిపోయాను.

పంపు వెయ్యొద్దని ఆపరేటరు కాళ్లావేళ్లా పడ్డాను. "ఇవాళేం వేషం బాబాయ్?" అని నవ్వాడు. నాలుగింటికి వేసేస్తాడట. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నా గానీ, వాడు ఇంకోటి పెట్టుకుంటాడు. నేను నీళ్లు పరీక్ష చేసేవాళ్లని లాక్కురావడానికి పోతున్నా.

నువ్వు నర్సమ్మవి, నీ మాట వింటారు. చెప్పులు విప్పకుండా అలాగే వెళ్లి వాణ్ణి ఆపు, ఇంటింటి తలుపూ కొట్టు. తప్పు నాదేనని చెప్పెయ్, తిట్టుకోనీ.

అప్పటికీ నవ్వితే, మామయ్య పాప మీద ఒట్టేశాడని చెప్పు. ఆ ఒట్టు నేనెప్పుడూ వేళాకోళానికి వెయ్యలేదు తల్లీ.