పన్నెండు కిలోలు

బేజా, ఫిబ్రవరి 9

ప్రియమైన జుల్మీరా అక్కకు,

మూడేళ్లకు ప్రభుత్వాసుపత్రి నుంచి పిలుపొచ్చింది, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్‌కి. వరండాలో అందరం ఒక్క అచ్చే: ఆడవాళ్లం, నలభై దాటినవాళ్లం, షుగరు, మోకాళ్ల నొప్పులు. బడి వంటమనిషి ఒకావిడ, "జరుగు తల్లీ, ముగ్గురి బెంచీ మనిద్దరికే చాలట్లేదు" అంది. నవ్వుకున్నాం.

డాక్టరు షరతు పెట్టాడు. జూన్‌లోగా నా నూట నలభై రెండు కిలోల్లో పన్నెండు తగ్గాలట. లేకపోతే నా పేరు మళ్లీ వరుస చివరికే. అక్కా, ఒక్కసారైనా ఆయాసపడకుండా మీ మూడో అంతస్తు ఎక్కి రావాలని ఉంది.

ముద్దులతో,
నీ ఒడీలియా

సెతూబల్, ఏప్రిల్ 2

నా చిట్టి చెల్లికి,

అప్పుడే ఎనిమిది కిలోలా! మీ బావకు చదివి వినిపించాను. "అది రొట్టె మానేసిందా, రొట్టే దాన్ని చూసి పారిపోయిందా?" అంటున్నాడు.

వెల్లుల్లి రొట్టె పులుసు కూడా సయించడం లేదని, పొత్తికడుపులో సలుపుతోందని రాశావు. ఇన్నేళ్ల కొవ్వు ఊరికే కరుగుతుందా? డాక్టరుతో మాత్రం అనకు. ఆ వంకతో నీ పేరు కొట్టేస్తారు. పళ్లు బిగపట్టు, ఇంకెంత?

నీ మేలు కోరే,
అక్క

బేజా, మే 28

అక్కా,

పద్నాలుగు తగ్గాను. తూకం దగ్గర నర్సు చప్పట్లు కొట్టింది. "ఎక్కడైనా నొప్పి ఉందా?" అని డాక్టరు అడిగాడు. నువ్వు చెప్పినట్టే లేదన్నాను. జూన్ 19న ఆపరేషన్. సంతోషంగా ఉంది, కానీ చాలా నీరసంగా ఉంది.

నీ ఒడీలియా

ఆసుపత్రి, జూన్ 24

ప్రియమైన అక్కా,

కోసి చూశారు. ఏమీ తీయకుండా కుట్టేశారు. అండాశయంలో కణితి, పేగుల మీదికి పాకిందట. నన్ను కరిగించింది అదే.

"నొప్పి దాచమని ఎవరు చెప్పారు?" అని మా ఆయన అరిచాడు. ఎవరూ చెప్పలేదన్నాను. నీ ఏప్రిల్ ఉత్తరం చించేశాను. నిన్ను అడిగినా అదే మాట చెప్పు.

ముందే చెప్పి ఉంటే బతికేదాన్నా అన్న ప్రశ్న రోజూ నాలుక చివరి దాకా వస్తోంది. డాక్టరు మంచం దగ్గరికి రాగానే కళ్లు మూసుకుంటున్నాను. ఆయన జవాబు వింటే నీ ముందు దాచలేను అక్కా. అందుకే అడగను.

ఎప్పటికీ నీ చెల్లి,
ఒడీలియా