నిమ్మకాయ కోసిన రోజే నీకు ఒడి

ఆళ్లగడ్డ, 1987

చిన్నోడా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్లు. ఉన్నప్పుడూ నీకు చదవడం రాదు. అయినా అక్కకు కడుపు మండిపోతోంది, రాస్తున్నాను.

పెద్దమ్మ మనవరాలికి నీలాగే మాటలు రావు. మణికట్టు రక్తం వచ్చేలా కొరుక్కుంటోందని పొద్దున నంద్యాల తీసుకుపోయాం. డాక్టరు మందు రాయలేదు. వాళ్లమ్మను పత్రిక చదువుతూ కూర్చోమన్నాడు. పాప కొరుక్కుంది. తల్లి పరుగున వెళ్లి ఎత్తుకోగానే ఆపేసింది. తర్వాత పాపతో ఆడుకోమన్నాడు. చెయ్యి నోటి దగ్గరికే పోలేదు. మళ్లీ మళ్లీ చేయించి చూశాడు, అదే తంతు.

"కొరుక్కుంటేనే ఎత్తుకుంటున్నారు" అన్నాడు.

"కొరుక్కుంటాంటే సూస్తా కూసోవాల్నా సార్?" అంది పెద్దమ్మ.

"కొరుక్కోకముందే ఎత్తుకోండమ్మా."

నాకు మన ఇల్లు తలుచుకుంటే అసహ్యం వేసింది. ఎవరైనా చుట్టాలొస్తే నిన్ను శనక్కాయల మూటల గదిలో పెట్టి గొళ్లెం వేసేవాళ్లు. నువ్వు గోడకేసి తల కొట్టుకుని నుదురు చిట్లితే, అప్పుడు బయటికి తెచ్చి, ఒళ్లో పెట్టుకుని, నిమ్మకాయ కోసి దిష్టి తీసేవాళ్లు. నువ్వు ఊరుకునేవాడివి. దయ్యం దిగిందని ఈ పెద్దమ్మే వీధంతా చెప్పుకునేది.

బస్టాండుకు రాగానే ఆమె నిమ్మకాయలు కొంది. "ఆ సార్‌కేం తెల్సు, ఇది గాలి" అంది. ఆమె పక్కన కూర్చోవడానికే రోత పుట్టింది. పాపను ఆళ్లగడ్డ దాకా నా ఒళ్లోనే పెట్టుకున్నాను. ఒక్కసారి కూడా కొరుక్కోలేదు.

"సంచిలో నిమ్మకాయలుండాయి గదప్పా, అందుకే" అని పెద్దమ్మ కండక్టరుకు చెప్పింది.