పెళ్లి లేని హారన్లు

1961, శనివారం. బందరు.

ఇంత అల్లరి అవుతుందని తెలిస్తే మా వారిని గుడివాడ వెళ్లనిచ్చేదాన్నే కాదు. మూతపడిన టూరింగ్ టాకీసు వాళ్ల దగ్గర పాత మైకుసెట్టు, జత హారన్లు కొని, బస్సు టాపు మీద వేయించుకొచ్చారు. రేడియో కచేరీ నిండుగా వినాలట! గదిలో పెడితే గోడ మీది అద్దం గడగడలాడింది. దాంతో హారన్లను అరుగు మీదికి చేర్చి వీధివైపు తిప్పారు.

సన్నాయి అందుకుందో లేదో, మా జాలరి పాలెమంతా కదిలొచ్చింది. ఇక్కడ హారను మోగిందంటే పెళ్లే. వేరే పిలుపులుండవు, ఎవరింట్లో ఉన్నది వాళ్లు పట్టుకొస్తారు. ఎదురింటి పోలమ్మత్త చీర మార్చుకుని, గంపెడు కానాగంతలతో గుమ్మంలో నిలబడింది.

"పెళ్లికూతురేదీ, అమ్మాయీ?"

"పెళ్లి కాదత్తా, రేడియో!"

"అయితే ఈ చేపలు వెనక్కి మోసుకుపోనా? పొయ్యి రాజెయ్యి."

పెరట్లో మరో రెండు పొయ్యిలు లేచాయి. మా వారు సన్నాయికి తల ఊపుతూ పులుసు వడ్డించారు, సగం విస్తట్లో, సగం నేల మీద. ఇంతగా నవ్వి ఎన్నాళ్లయిందో!

ఒక్కటే బెంగ. పెద్దయ్యాక మా పాప బుజ్జి పెళ్లికి హారన్లు మోగితే, ఇదీ రేడియోనే అనుకుని ఎవరూ రాకపోతే? ఉండబట్టలేక పోలమ్మత్తతో అనేశాను. ఆవిడ చెయ్యి కడుక్కుంటూ మా వారివైపు తిరిగింది.

"మాస్టారూ, రేపు ఎన్నింటికండీ రేడియో?"

ఇంట్లో చింతపండు అయిపోయింది. పొద్దున్నే తెప్పించాలి.