తాటిచెట్టు ఎక్కనక్కర్లేని తీగ

ఏమండీ,

ఫోన్లు పోతే కబుర్లు పంపడానికి మీ హామ్ రేడియో సెట్టు తీసుకుని వాడరేవు రమ్మని కలెక్టరాఫీసు మనిషి చెప్పి వెళ్ళాడు. తుఫాను అక్కడే తీరం దాటుతుందట. గుడిసెల వాళ్ళను మా స్కూల్లోకి తెస్తున్నారు, తాళంచెవి నా దగ్గరుందని పరుగెత్తుతున్నాను.

ఏ యాంటెన్నా పట్టుకెళ్ళాలా అని ఆలోచించకండి. పొట్టి తీగది సంచిలో పెట్టాను. అన్ని బ్యాండ్లకూ పనికొస్తుంది, ఒక్క వెదురుగడ చాలు. దాంతో అవతలివాళ్ళకు మీ గొంతు సన్నగా వినబడితే వినబడనివ్వండి. కరెంటు తీగల దగ్గరికి మాత్రం పోకండి. అన్నం తిని వెళ్ళండి.

కిందటిసారి గాలిలో తాటిచెట్టెక్కి పొడుగు తీగ కట్టారట. మీ రేడియో స్నేహితుడు ఇమ్మానియేలు గారు గొప్పగా చెబితే తెలిసింది.

సీతారత్నం

పొడుగు తీగ కోసం వెతక్కండి, ఈసారి దాన్ని బట్టల దండెంగా కట్టి దాచలేదు. నాతో స్కూలుకి పట్టుకుపోతున్నాను. గాలి తగ్గాక మీరే వచ్చి అడిగి తీసుకోండి.