పాపిట వెడల్పయిన సంగతి

అత్తయ్యా,

మీరు ఫోన్ చేసినప్పుడల్లా రెండో బిడ్డ ఎప్పుడని అడుగుతున్నారు. నేనేమో కుక్కర్ కూత వేసిందనో, ఎవరో తలుపు కొట్టారనో చెప్పి పెట్టేస్తున్నాను. మీ అబ్బాయి తనే ఏదో ఒకటి సర్దిచెబుతానన్నారు. వద్దని నేనే రాస్తున్నాను.

నా జుట్టు ఊడిపోతోంది. దువ్వెనకు నాలుగు వెంట్రుకలు వస్తే ఎవరికీ చెప్పేదాన్ని కాదు, పాపిటే ఏటేటా వెడల్పవుతోంది. నా కుట్టుపని మీకు తెలుసుగా, గౌను అంచు కొలవాలంటే కస్టమరు కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చోవాలి. అప్పుడు ట్యూబులైటు వెలుగంతా నా నడినెత్తి మీదే. ఎవరు జుట్టు మాటెత్తినా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి తల మీదికి పోయేది. ఏడెనిమిది నెలల కిందట ఒకావిడ పైనుంచి చూసి, "అయ్యో, ఈ వయసుకేనా" అంది. ఆ రోజిక కత్తెర పట్టలేకపోయాను. ఏడ్చాను కూడా.

మర్నాడే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ భూతద్దంతో చూసి, రక్తపరీక్షలు చేయించి, ఇది వంశంలో వచ్చేదేననీ, నూనెలకూ షాంపూలకూ లొంగదనీ చెప్పారు. తలకు రాసుకునే మందు, ఒక మాత్ర ఇచ్చారు. మొదట్లో ఇంకా ఎక్కువ ఊడుతుంది, భయపడి ఆపొద్దన్నారు. ఊడింది. ఆపలేదు. ఇప్పుడు పాపిట పక్కన సన్నగా కొత్త వెంట్రుకలు లేస్తున్నాయి.

అసలు సంగతేమిటంటే, ఈ మాత్ర వాడుతుండగా కడుపు రాకూడదు, లోపలి బిడ్డకు మంచిది కాదు. అందుకని ఇంకో ఏడాదైనా బిడ్డ మాట వద్దనుకున్నాం. జుట్టు కోసమా ఇదంతా అని నలుగురూ నవ్వుతారు. నవ్వనివ్వండి, ఈ తల మోసేది నేను. కోపమొస్తే నన్నే తిట్టండి, మీ అబ్బాయిని ఏమీ అనకండి.

మీ కోడలు


అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వచ్చింది, మా అమ్మ మీద.

మీ ఆయన పుట్టాక నాకూ నడినెత్తి పలచబడింది. అమ్మతో చెబితే, "పెళ్లయింది, పిల్లాడు పుట్టాడు, ఇంకా జుట్టు ఎవరికి చూపించాలే" అంది. అంతే, నోరు మూసుకున్నాను. ఇప్పటికీ నలుగురిలోకి వెళ్తే గోడకు ఆనుకునే కూర్చుంటాను, వెనక ఎవరూ నిలబడకుండా. మీ మామగారికి కూడా ఎందుకో తెలియదు. నిన్ను చూస్తే అసూయగా ఉంది, గర్వంగానూ ఉంది.

బిడ్డ సంగతి ఇక నేనెత్తను. ఎవరైనా ఎత్తితే నా దగ్గరికి పంపించు. మందు మాత్రం ఆపకు.

ఇంకో మాట. ఆ డాక్టరమ్మ అరవై దాటినవాళ్ల తల చూస్తుందేమో కనుక్కో. చూడనంటే చెప్పు, నేనే వచ్చి మాట్లాడతాను.

అత్తయ్య