పెరటి మెట్టంత ఎత్తు

అమ్మకు,

నిన్న మధ్యాహ్నం మూడింటికి మన పాత జీపు కొండదారి దాటి ఇవతలికి వచ్చింది. ఇంజను వేడెక్కలేదు, నేను క్షేమం.

కిందటేడు నేనూ నాన్నా చెరో రెక్క పట్టి నిన్ను జీపెక్కిస్తే వీధి వీధంతా నవ్వింది. మళ్లీ దాని మొహం చూడనన్నావు. ఇప్పుడు పెద్ద టైర్లు వేయించాక అది ఇంకో జానెడు లేచింది. అందుకని ముందు తలుపు కింద మడత మెట్టు ఒకటి వెల్డింగు చేయించాను.

కొండ మీద టీకొట్టు పెద్దావిడకూ నీలాగే మోకాళ్ల నొప్పులు. "దీన్నెక్కాలంటే నిచ్చెన కావాలి నాయనా" అంది. మెట్టు దించాను. చెయ్యి అందించబోతే విదిలించి, తనే ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

"ఎవరి కోసం పెట్టించావు?"

"మా అమ్మ కోసం పెద్దమ్మా. ఎక్కనంటోంది."

"అయితే నన్ను కింద వంతెన దాకా తిప్పి తీసుకురా. ఎలా ఉందో నా మాటగా రాద్దువుగాని."

తిప్పాను. నడుము పట్టలేదని రాయమంది.

పోయినసారి, నువ్వు రోజూ ఎక్కి దిగే పెరటి మెట్టును టేపుతో కొలుస్తుంటే ఎందుకని అడిగావు. ఈ మెట్టు సరిగ్గా అంతే ఎత్తు.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? నాన్న కళ్లజోడు వచ్చిందా? వెనక సీటు ఆయనదే, దారి చెప్పడం మాత్రం మానాలి. సముద్రం చూడాలని ఎప్పటి నుంచో అంటున్నావు, రెండు దుప్పట్లు సర్ది ఉంచు. ఇద్దరికీ మీ పెద్దాడి నమస్కారాలు.

ఆదివారం పొద్దున ఏడింటికి జీపు వీధి గుమ్మం ముందే ఆపుతాను. నవ్వినవాళ్లంతా అప్పటికి లేచే ఉంటారు.